దూరప్రాంతంలో ఆపరేషన్ అయిన పిల్లలను డిశ్చార్జి రోజే ఇంటికి తీసుకెళ్లాలా, కొన్నాళ్లు ఆసుపత్రి దగ్గరే ఉంచాలా?

ప్రశ్న అడిగిన తల్లి:

మా పాపకు 6 ఏళ్లు. నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండటానికి తోడు పుట్టుకతో గుండె సమస్య కూడా ఉన్నందువల్ల దగ్గరి ఆసుపత్రిలో మత్తు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. రాత్రంతా ప్రయాణం చేసి ఈ పెద్దాసుపత్రికి వచ్చాం. మొన్న టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ తీశారు. రేపు డిశ్చార్జి చేస్తామంటున్నారు. ఇంటి దగ్గర రెండేళ్ల బాబు నానమ్మ వద్ద బెంగపెట్టుకున్నాడు కనుక రేపే బయలుదేరుదామని మావారు అంటున్నారు. పాప నీళ్లు తాగుతోంది, ఆడుకుంటోంది. అయినా నాకు ధైర్యం చాలడం లేదు. ఇలాంటి స్థితిలో మీరైతే ఏం చేస్తారు?

ఒక తండ్రి:

ఇంటికే తీసుకెళ్లండి. మా అబ్బాయికి హెర్నియా ఆపరేషన్ అయ్యాక అద్దె గదిలో ఉన్నన్నాళ్లూ వాడు సరిగా నిద్రపోలేదు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. ఇంటికి చేరి, తన పక్క మీద తాను పడుకున్నాక కుదుటపడ్డాడు. ఇంట్లోగాని, పగటిపూట వచ్చివెళ్లే పద్ధతిలోగాని అంతే బాగా చికిత్స అందించలేని పరిస్థితిలో మాత్రమే పిల్లలను ఆసుపత్రిలో చేర్చాలని 1988లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రూపొందించిన, ఆసుపత్రిలో ఉండే పిల్లల హక్కుల పత్రం మొదటి అంశంలోనే ఉంది. వైద్యులే పంపిస్తామంటున్నప్పుడు మనం భయంతో ఆగిపోవడం బిడ్డకు మేలు చేయదు.

పిల్లల సర్జరీ వార్డులో పనిచేసే నర్సు:

పై సోదరుడు చెప్పినది హెర్నియా విషయంలో సరైనదే. కాని అదే సలహాను టాన్సిల్స్ ఆపరేషన్‌కు వర్తింపజేయడంతో నేను ఏకీభవించలేను. డిశ్చార్జి నాడు బిడ్డ ఎలా ఉందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ ఆపరేషన్ తర్వాత ఏ రోజుల్లో ప్రమాదం ఎక్కువ, ఆ రోజుల్లో మీరు ఎక్కడ ఉంటారు అన్నదే ముఖ్యం.

టాన్సిల్స్ తీసిన చోట రెండు వైపులా తెల్లటి పొర కడుతుంది. అది చీము కాదు, పుండు మానే క్రమంలో ఏర్పడేదే. సుమారు 5వ రోజు నుంచి 10వ రోజు వరకు ఆ పొర ఊడిపోతూ ఉంటుంది, అప్పుడు అడుగున ఉన్న రక్తనాళం తెరుచుకుంటే రక్తస్రావం మొదలవుతుంది. ఎక్కువమంది పిల్లల్లో ఇలా జరగదు. జరిగినప్పుడు మాత్రం మళ్లీ మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్లవలసి రావచ్చు, అందులోనూ మీ పాపకు మత్తు ఇవ్వడానికే మీ దగ్గరి ఆసుపత్రివారు వెనుకాడారు. రాత్రి నిద్రలో బిడ్డ పదే పదే గుటకలు వేస్తుంటే నిద్రపోతోంది కదా అని వదిలేయకుండా లేపి, టార్చి వేసి గొంతు చూడండి. కారుతున్న రక్తాన్ని పిల్లలు తెలియకుండానే మింగేస్తుంటారు. తాజా రక్తం కనిపించినా, కాఫీ రంగులో వాంతి అయినా తెల్లవారేదాకా ఆగకూడదు. పైగా నొప్పి రోజురోజుకూ తగ్గిపోతుందనుకోకండి, 3వ రోజు తర్వాత పెరగడం మామూలే. ఆ నొప్పికి నీళ్లు మానేస్తే ఒళ్లు ఎండిపోతుంది. కాబట్టి ఎన్నిసార్లు మూత్రం పోసిందో గమనిస్తూ ఉండాలి.

మిగతా ఆపరేషన్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. ఎముక విరిగి కట్టు వేసినప్పుడు వాపు వల్ల వచ్చే ప్రమాదం మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ. విమానం పైకి వెళ్లినప్పుడు ఒంట్లో చిక్కుకున్న గాలి సుమారు 30 శాతం వ్యాకోచిస్తుంది కనుక ఛాతీ, పొట్ట ఆపరేషన్ల తర్వాత సర్జన్ అనుమతి లేనిదే టికెట్టు కొనకూడదు. ఛాతీ ఎముక కోసి గుండె ఆపరేషన్ చేసిన పిల్లలను 6 నుంచి 8 వారాలపాటు చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. ఇంటికి చేరగానే ముద్దుకొద్దీ ఎత్తుకోబోయే పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

మందుల విషయం కూడా చెప్పాలి. పారాసిటమాల్ సిరప్పుల్లో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండేవీ, 250 మి.గ్రా. ఉండేవీ ఉన్నాయి. ఇక్కడ కొన్న సీసా అయిపోయి అక్కడ వేరేది కొన్నప్పుడు అదే చెంచాతో పోస్తే మోతాదు దాదాపు రెట్టింపు కావచ్చు. కోడీన్ ఉన్న మందును దగ్గుకైనా నొప్పికైనా ఇవ్వవద్దు. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లల్లో ఊపిరి మందగించి మరణాలు సంభవించినందున 2013లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిపై గట్టి హెచ్చరిక జారీ చేసింది.

ఒక తండ్రి:

మీరు చెప్పిన రక్తస్రావం సంగతి నాకు తెలియదు, ఈ పాప విషయంలో మీ మాటే నిలుస్తుంది. అయితే దగ్గరే ఉండమని చెప్పేటప్పుడు ఎలా ఉండాలో కూడా చెప్పాలి. ఒక్క తల్లే రాత్రంతా మేలుకుని, పగలు మందులు పోస్తూ ఉంటే నాలుగో రోజుకు తప్పు జరిగే అవకాశం ఉంది, అది కూడా ప్రమాదమే. దూరం నుంచి వచ్చే కుటుంబాల కోసం ఆసుపత్రి పక్కనే రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ అనే వసతిగృహాన్ని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1974లోనే ప్రారంభించారంటే ఈ ఇబ్బంది ఎంత పాతదో ఊహించుకోవచ్చు. అలాంటి వసతి ఉందేమో ఆసుపత్రి సామాజిక కార్యకర్తను అడగండి, మీవారితో వంతులు వేసుకుని నిద్రపోండి.

ప్రశ్న అడిగిన తల్లి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం డాక్టరుగారిని నేరుగా అడిగాను: రక్తం వస్తే మా ఊళ్లో ఈ పాపకు మత్తు ఇచ్చి ఆపగలవారు ఎవరైనా ఉన్నారా అని. ఆయన కాసేపు ఆలోచించి, అలాగైతే రెండు వారాలు ఇక్కడే ఉండటం మంచిదన్నారు. ఆపరేషన్ వివరాలు, మత్తు వివరాలు విడిగా రాసిమ్మని కూడా అడిగాను. మావారు ఒప్పుకున్నారు. ఇక తేలనిది చిన్నవాడి సంగతి. వాణ్ణి ఇక్కడికి రప్పిస్తే జలుబు, దగ్గు తెచ్చి పాపకు అంటిస్తాడేమోనని ఒక భయం, రప్పించకపోతే వాడు ఇంకా బెంగపెట్టుకుంటాడని మరో దిగులు. చిన్నపిల్లలను ఇంటి దగ్గర వదిలి వచ్చినవారు ఎవరైనా ఉంటే ఏం చేశారో దయచేసి రాయండి.