కనుమ అంటే కొండా, కొండల మధ్య దారా?

కనుమ పండగ గురించి ఈ గుంపులో ఏటా జనవరిలో మాట్లాడుకుంటూనే ఉన్నాం. నేను అడిగేది ఆ కనుమ కాదు, నందికనుమలో ఉన్న కనుమ.

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్లేవాళ్లకి ఈ మాట అర్థం చెప్పనక్కర్లేదు. నల్లమలని దాటించే దారి అది. బ్రౌన్ నిఘంటువులోనూ కనుమ అంటే కొండల నడుమ దారే. తమిళంలో కణవాయ్, కన్నడంలో కణివె దీనికి చుట్టాలు. మరి బడిలో 'పడమటి కనుమలు' అని బట్టీ పట్టినప్పుడు మన బుర్రలో మెదిలింది దారులా? కాదు, కొండలే. ఘాట్ అన్న మాటకీ ఇదే గతి. రేవు మెట్లు, కొండ ఎక్కి దిగే దారి దాని అర్థాలు. తెల్లవాళ్లు దారుల పేరు పట్టుకెళ్లి మొత్తం కొండల వరసకి తగిలించారు. మనం దాన్ని తెలుగు చేసుకున్నాం.

ఇది తప్పు పేరని చాలాకాలం వాదించాను. తమిళులు 'మేర్కు తొడర్చి మలై' అంటారు. పడమట తెగకుండా సాగే కొండ అని. అదే సరైనదనేవాణ్ని. ఈమధ్య ఒక పిట్ట గురించి చదివాక మనసు మారింది.

నీలగిరుల్లో, కొడైకెనాల్ దగ్గర పళని కొండల్లో షోలా అడవులుంటాయి. దాదాపు 1400 మీటర్ల పైన, మడతల్లో ఒదిగిన పొట్టి చెట్ల చలి అడవులు. వాటి నీడలో నేలకి దగ్గరగా తిరిగే నీలం పిట్ట ఒకటుంది. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. అంతటా ఒకటే జాతి అనుకునేవారు. నీలగిరి పిట్టకి పక్కలు ఇటుక రంగు, దక్షిణాన ఉన్నదానికి పొట్ట తెలుపు, అంతే తేడా అనుకున్నారు. వి.వి. రాబిన్, ఉమా రామకృష్ణన్ తదితర శాస్త్రవేత్తలు డిఎన్ఏ చూస్తే తేడా రంగుతో ఆగలేదు. లక్షల ఏళ్ల కిందటే విడిపోయిన కుటుంబాలవి. అన్నిటికన్నా లోతైన చీలిక సరిగ్గా పాలక్కాడ్ కనుమ దగ్గరుంది! నీలగిరులకీ, వాటికి దక్షిణాన ఉన్న ఆనైమలై కొండలకీ నడుమ కేరళలోకి పోయే దారి అది. 2017లో వీటికి షోలికోలా అని కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరే పెట్టారు. సగం తమిళం, సగం లాటిన్. షోలాలో కాపురముండేది అని అర్థం. నాకు భలే నచ్చింది.

అంటే మనిషికి దారి అయినది ఆ పిట్టకి గోడ. కొండల మీది బతుకుల్ని విడదీసేది కనుమలే అయినప్పుడు, కొండల వరసకి వాటి పేరు పెట్టడం ఇప్పుడు నాకు తప్పుగా తోచడం లేదు. మీరేమంటారు?

వ్యాఖ్య: మాస్టారూ, పిట్టకి రెక్కలున్నాయి కదా. దాటలేకపోవడమేంటి?

నా జవాబు: ఈ పిట్ట దూరాలు ఎగిరేది కాదండీ. పొదల చాటున గెంతుతూ బతుకుతుంది. పాలక్కాడ్ కనుమ సుమారు 30 కిలోమీటర్ల వెడల్పు. అక్కడ నేల ఎత్తు 150 మీటర్ల దరిదాపుల్లోనే, మన హైదరాబాదు కన్నా బాగా పల్లం. ఆ ఎండలో ఈ పిట్టకి నీడా లేదు, తిండీ లేదు.

వ్యాఖ్య: మంచుయుగంలో చల్లబడింది కదా, అప్పుడు దాటి ఉండొచ్చుగా?

నా జవాబు: లెక్క వేసి చూశాను. కిలోమీటరు ఎత్తుకి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. లోకం 5 డిగ్రీలు చల్లబడిందనుకున్నా, షోలా వాతావరణం 800 మీటర్లు కిందికి దిగి 600 దగ్గర ఆగుతుంది. కనుమ నేల ఇంకా కిందే ఉంది. పైగా చలి ఒక్కటే చాలదు, వాన కావాలి. సుమారు 20 వేల ఏళ్ల కిందట నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఊటీ దగ్గరి బురద నేలల పొరల్లో ఆ కాలపు గడ్డి ఆనవాళ్లే ఎక్కువ. అంటే అడవి కిందికి పాకడం అటుంచి, కొండ మీదే గడ్డికి చోటు వదిలి కుంచించుకుపోయింది.

వ్యాఖ్య: ఇంగ్లీషులో ఇలాంటి కొండ కొనల్ని ఆకాశంలోని దీవులంటారు. తెలుగులో 'కొండలంక' అంటే? మాది కోనసీమ. గోదావరి పొంగితే మా లంక విడిపోతుంది, వేసవిలో ఇసుక మీద నడిచి వెళ్లొచ్చు.

నా జవాబు: అమ్మా, ఈ మాట నాకు తట్టనందుకు ఈర్ష్యగా ఉంది. చిన్న లోయలు అడ్డున్న చోట మీ పోలిక బాగా కుదరొచ్చు, వాతావరణాన్ని బట్టి కలవడం, విడిపోవడం. పాలక్కాడ్ మాత్రం వేసవిలోనూ ఎండని పాయ. ఇంకా దక్షిణాన సెంగోట్టై కనుమ దానికన్నా చాలా ఇరుకు, అయినా అక్కడా గీత పడింది. దానికి అవతలున్న అషంబు కొండల పిట్టకి వేరే జాతిగా షోలికోలా అషంబుయెన్సిస్ అని పేరు.

వ్యాఖ్య: ఏనుగులకి ఈ బాధ ఉండదేమో?

నా జవాబు: వాటికి చలి అడవి అక్కర్లేదు, నడవగలవు. అయినా నీలగిరి మందలకీ ఆనైమలై మందలకీ డిఎన్ఏలో తేడా కనిపించింది.

వ్యాఖ్య: మన తూర్పు కనుమలు అయితే అన్నీ సందులే. గోదావరి, కృష్ణ, పెన్న ఎక్కడికక్కడ కోసేశాయి.

నా జవాబు: అందుకే ఆ పేరు వాటికి ఇంకా బాగా నప్పుతుంది. శేషాచలం బంగారు బల్లి తెలుసు కదా? తూర్పు కనుమల్లోనే దొరుకుతుంది. దాని ప్రజాతిలో ఉన్న రెండో జాతి ఎక్కడుందో చెప్పండి చూద్దాం. శ్రీలంకలో! మంచుయుగంలో సముద్రం 120 మీటర్ల దాకా దిగినప్పుడు రామేశ్వరం నుంచి అటు నేలే. ఆ బల్లులు విడిపోయింది అప్పుడేనని మాత్రం నేననను, అంతకన్నా పాత కథే అయ్యుండొచ్చు.

వ్యాఖ్య: మా వైపు 'నందికనమ' అంటాం. కనుమ కాదు.

నా జవాబు: రెండూ ఉన్నాయండీ. మీ ఊళ్లో పలికినట్టే రాయండి.

వ్యాఖ్య: ఇంతకీ కనుమ నాడు మినుములు ఎందుకు తింటారు?

నా జవాబు: బాబూ, మొదటి పేరా.