‘బాగోగులు’: ముందు బాగు, తర్వాత ఓగు

గ్రూపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఒక మాట గురించి మీతో మాట్లాడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ మాట ‘బాగోగులు’.

నేను విశాఖలో ఆరిలోవ, పెదజాలారిపేట వైపు ఆశా కార్యకర్తలతో కలిసి బాలింతల ఇళ్ళకు చాలా ఏళ్ళు తిరిగాను. ఆసుపత్రిలో పురుడైన తల్లి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు వెళ్ళాలి. పురుడు ఇంట్లోనే అయితే మొదటిరోజు కూడా వెళ్ళాలి. కాగితాల మీద దీన్ని ‘గృహ సందర్శన’ అంటారు. మా వాళ్ళు ‘విజిట్’ అంటారు. కానీ ఒక ఇంట్లో పక్కింటామె ‘ఎవరొచ్చారు?’ అని అడిగితే, ఆ ఇంటి మామ్మగారు ‘బాగోగులు కనుక్కోడానికి వచ్చినారు’ అంది. మేం చేసే పనికి అంతకంటే సరైన పేరు నేను ఇప్పటివరకు వినలేదు.

బాగు, ఓగు కలిస్తే బాగోగులు. ఉత్వసంధి. ఓగు అంటే చెడు. ఈ మాటను ఇప్పుడు విడిగా ఎవరూ వాడటం లేదు. వేమన ‘ఓగు నోగు మెచ్చు’ అన్నట్టు పాత పద్యాల్లో మాత్రం ఒంటరిగా కనిపిస్తుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ రెండింటి వరస. ‘కష్టసుఖాలు’లో కష్టం ముందుంది. ‘బాగోగులు’లో బాగు ముందుంది. ఇంటికి వెళ్ళి అడిగేవాళ్ళు మాత్రం ఎక్కువగా ఓగుతోనే మొదలుపెడతారు.

ఒక సంగతి చెప్తాను. ఏడోరోజు విజిట్. బిడ్డ పుట్టినప్పుడు 2,700 గ్రాములు, ఆ రోజు తూస్తే 2,600. నాతో వచ్చిన అమ్మాయి కొత్తది. ‘ఎందుకు తగ్గింది? పాలు సరిగ్గా పట్టట్లేదా?’ అని అడిగేసింది. తల్లి తల దించుకుంది. అత్తగారు ‘దీనికి పాలు లేవు, నేను ముందే చెప్పాను’ అంది. మొదటి వారంలో బిడ్డ బరువు కొంచెం తగ్గడం మామూలే. పాలు బాగా తాగుతుంటే రెండు వారాలకల్లా మళ్ళీ పుంజుకుంటుంది. ఆ మాట నేను చెప్పాను. కానీ అప్పటికే ‘ఎందుకు’ అనే మాట ఇంట్లో పడిపోయింది. పద్నాలుగోరోజు వెళ్ళేసరికి గూట్లో పాలపొడి డబ్బా కనిపించింది. ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. తను పక్కనుండి చూసి నేర్చుకున్నది నన్నే. నేను అంతకుముందు ఎన్ని ఇళ్ళలో అలా అడిగానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తెలుగులో ‘ఎందుకు’ కారణం అడిగినట్టు వినపడదు, సంజాయిషీ అడిగినట్టు వినపడుతుంది. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని ఇంట్లో ఎవరు ఎవరిని అడుగుతారో గుర్తు చేసుకోండి. అందుకే మేం ఆ మాట మానేశాం. ‘రాత్రి ఎన్నిసార్లు పాలకి లేచింది? రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది?’ అని అడుగుతాం. వారం దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లకు తక్కువ కాకుండా పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. అప్పుడు ఆ లెక్క తల్లి నోటితోనే అత్తగారికి వినపడుతుంది.

‘బాగోగులు’ గురించి మీకు తెలిసింది చెప్పండి. మీ ఊళ్ళో ఈ అర్థానికి వేరే మాట ఉన్నా రాయండి.

పెందుర్తి నుంచి ఒక మాస్టారు:
అమ్మా, ‘విచారణ’ను కూడా చూడండి. సంస్కృతంలో విచారం అంటే ఆలోచన. తెలుగులో అది దుఃఖమైంది. విచారణ ఏమో పోలీసు స్టేషన్‌కీ కోర్టుకీ వెళ్ళిపోయింది. ‘ఇంటింటికీ వెళ్ళి విచారించారు’ అని పేపర్లో చదివితే, నాకు బాలింత పక్కన కూర్చున్న మనిషి కనపడదు, చేతిలో ఫైలున్న మనిషి కనపడతాడు. ‘కనుక్కోవడం’లో అలా ఉండదు. అందులో ‘కను’ ఉంది, చూడటం ఉంది. మీ మామ్మగారు బాగోగులు ‘అడగడానికి’ అనలేదు, ‘కనుక్కోడానికి’ అంది. అది గమనించారా?

గాజువాక నుంచి ఒక సోదరి:
నేను అంగన్‌వాడీలో చేస్తున్నాను. ముందు బాగు చెప్పాలన్నది నిజమే, మాకు ట్రైనింగ్‌లో కూడా ముందు విను, మెచ్చుకో, ఆ తర్వాతే సలహా చెప్పు అంటారు. కానీ ఒక జాగ్రత్త ఉందండీ. ‘పాప ఎంత బొద్దుగా ఉందో’ అన్నామంటే అయిపోయింది. మేం గుమ్మం దాటగానే ఉప్పు తీసి దిష్టి తీస్తారు. తర్వాతిసారి పాపని లోపల పడుకోబెట్టి, నిద్రపోతోందని చెప్తారు. అందుకని బిడ్డని మెచ్చుకోను. తల్లి చేసిన పనిని మెచ్చుకుంటాను. ‘ఎంత వెచ్చగా చుట్టావమ్మా’, ‘ముర్రుపాలు పారబోయకుండా పట్టావు చూడు, మంచి పని చేశావు’ అంటాను. దానికి దిష్టి తగలదు.

విజయవాడ నుంచి వచ్చి మధురవాడలో ఉంటున్నాయన:
ఉద్యోగం మీద ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు, మా పనమ్మాయి ‘మా గుంటకి జొరం’ అంటే నాకు సగమే అర్థమైంది. మా వైపు గుంట అంటే గొయ్యి, లేదంటే తిట్టు. ఇక్కడ ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట. ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు ఇలాంటి మాటను తెలియక సరిదిద్దితే ఆ తల్లి మళ్ళీ నోరు విప్పుతుందా?

మాస్టారికి, మిగతావాళ్ళకు నా జవాబు:
‘కనుక్కోవడం’ నేను గమనించనే లేదు మాస్టారూ. చాలా సంతోషం. గుంట విషయంలో మధురవాడ ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. తల్లి ‘సంటిది’ అంటే నేనూ సంటిదే అంటాను. ఆవిడ ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దను. యాస నాకు పూర్తిగా రాకపోయినా ఆవిడ మాట ఆవిడకి తిరిగి వినిపిస్తే చాలు.

దిష్టి సంగతి చెప్పిన సోదరికి చేతులెత్తి దండం. ఇంకో మాట కూడా ఉంది, ‘అర్థమైందా?’. ఈ ప్రశ్నకి మన దగ్గర ఒక్కటే జవాబు, ‘ఆ, అయిందండి’. రెండు నెలలు దాటిన బిడ్డకి విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, జింకు మాత్ర విరేచనాలు తగ్గినా 14 రోజులు వెయ్యాలి. ఇదంతా చెప్పి ‘అర్థమైందా?’ అంటే, అయిందని చెప్పి గ్లాసులో కలిపేసిన ఇళ్ళున్నాయి. ఇప్పుడు ‘సాయంత్రం మీ ఆయన వచ్చి అడిగితే ఎలా కలపాలని చెప్తావు?’ అంటాను. ఆవిడ చెప్తుంటే ఎక్కడ జారిందో తెలుస్తుంది. అప్పుడు కూడా ‘తప్పు’ అనను, ‘నేను సరిగ్గా చెప్పలేదమ్మా, మళ్ళీ చెప్తాను’ అంటాను. చాలాసార్లు అది నిజం కూడా.

భీమిలి నుంచి ఒక పెద్దావిడ:
మా చిన్నప్పుడు బాలింతని చూడ్డానికొచ్చిన వాళ్ళు బిడ్డ జోలికి వెళ్ళేవారు కాదు. గడపలోంచే ‘తిన్నావేటమ్మా?’ అనేవారు. ‘ఏటి తిన్నావు?’ అని రెండో మాట. ఆ రెండో మాటతో పథ్యం సంగతంతా బయటపడేది. కారంపొడి మెతుకులే పెడుతున్నారో, పప్పూ కూరా పడుతున్నాయో ఎవర్నీ నిలదీయకుండానే తెలిసిపోయేది. మీతో ఇళ్ళకు వచ్చే పిల్లలు ఇప్పుడు మొదట ఏం అడుగుతారమ్మా?

నా జవాబు:
త్రాసు తీసి బిడ్డని ఇమ్మంటారు, పిన్నిగారూ. రేపు ఆరిలోవలో ఒక ఇంటికి మూడోరోజు విజిట్ ఉంది. ‘తిన్నావేటమ్మా’తోనే మొదలుపెట్టమని చెప్తాను.