నాన్నగారి కంప్యూటర్‌కి వీఎల్‌సీ ఉంచాలా, తీసేయాలా?

గోదారి గట్టు
నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. నాన్నగారికి 72 ఏళ్లు, నేను ఊళ్లో ఉండను. 2004లో జరిగిన అక్క పెళ్లి డీవీడీని ఈమధ్య స్టూడియోలో ఎంపీ4 చేయించాం. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో పెడితే ఎవరు కదిలినా అంచుల వెంట దువ్వెన పళ్లలా గీతలు. అక్క కొడుకు ఐఫోన్‌లో తీసి పంపే 4కే వీడియోలేమో ఆగి ఆగి వస్తున్నాయి. ప్లేయర్ మారిస్తే బాగుపడుతుందా? ఏది మంచిది?

సర్వీస్ అన్న
వీఎల్‌సీని కదపొద్దు. ఇరవై ఏళ్లుగా రిపేర్ షాపు నడుపుతున్నా. వీసీడీలోని డాట్ ఫైలు, సగం దిగి ఆగిపోయిన ఫైలు, ఏదిచ్చినా ఆడిస్తుంది. కోడెక్ ప్యాక్‌ల (వీడియోని విప్పే అదనపు సాఫ్ట్‌వేర్ల) గోల లేదు, యాడ్లు లేవు. 1996లో ప్యారిస్ కాలేజీ పిల్లలు మొదలుపెట్టారు, 2001 నుంచి సోర్స్‌తో సహా ఉచితం. ఇంకేం కావాలి?

నల్ల తెర
అందరూ అలవాటు కొద్దీ వీఎల్‌సీ అంటారు. నేను ఎమ్‌పీవీ, ఎమ్‌పీసీ-హెచ్‌సీ అనే ప్లేయర్లు వాడతాను. ఒక్కటే అడుగుతా: వీఎల్‌సీలో ‘ఇ’ నొక్కితే ఒక ఫ్రేమ్, అంటే వీడియోలో ఒక్క బొమ్మ, ముందుకెళ్తుంది. మరి ఒక్క ఫ్రేమ్ వెనక్కి? నేను చూసిన 3.0 వెర్షన్‌లో లేదు. ఎమ్‌పీవీలో కామా నొక్కితే చాలు.

మజ్జిగ చారు
వీఎల్‌సీ చైనాది కదా, 2022లో బ్యాన్ అయింది?

సర్వీస్ అన్న
చైనా కాదు స్వామీ, ఫ్రాన్స్. మన దగ్గర తెరుచుకోకుండా పోయింది వాళ్ల వెబ్‌సైటు, 2022 ఫిబ్రవరిలో బయటపడింది. లీగల్ నోటీసు వెళ్లాక నవంబరులో మళ్లీ తెరిచారు. చైనా హ్యాకర్లు వీఎల్‌సీని అడ్డం పెట్టుకుని వైరస్ ఎక్కించారని ఆ ఏడాదే వార్త రావడంతో జనం రెండూ కలిపేశారు. ఆ మధ్యలో మా కస్టమర్ ఒకాయన ఏదో సైటు నుంచి దించుకుని బ్రౌజర్ నిండా యాడ్లు తెచ్చుకున్నాడు. శుభ్రం చేయడానికి నాకు ఒక పూట పట్టింది. చివర్లో ‘ఫ్రీ సాఫ్ట్‌వేరే కదా, డబ్బులెందుకు’ అన్నాడు.

చిత్తు కాగితం
వీడియో ఆడుతుండగా ‘డి’ నొక్కండి. డీఇంటర్‌లేస్ (ఆ గీతలు పోగొట్టేది) ఆన్ అని తెర మీద వచ్చేదాకా, ఒకటి రెండు సార్లు.

నల్ల తెర
వైరస్ కథలు తర్వాత చెప్పుకుందాం. ఫ్రేమ్ వెనక్కి వెళ్తుందా లేదా, అది చెప్పండి.

సర్వీస్ అన్న
72 ఏళ్లాయనకి ఫ్రేములెందుకు బ్రదర్? ఆయన పెళ్లి వీడియో చూస్తాడా, ఎడిటింగ్ చేస్తాడా? పైగా మీ ఎమ్‌పీవీ తెరిస్తే నల్ల కిటికీ తప్ప మెనూ ఏది? సెట్టింగ్ మార్చాలంటే నోట్‌ప్యాడ్‌లో రాసుకోవాలి. ఎమ్‌పీసీ-హెచ్‌సీ అయితే 2017లోనే ఆపేశామని చెప్పేశారు.

నల్ల తెర
పాత టీమ్ ఆపింది. అందులోనే పనిచేసిన ఇంకొకరు కొనసాగిస్తున్నారు, కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. తెలియకపోతే తెలుసుకోవాలి.

పాత సీపీయూ
మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, ఈ మూడింటి లోపలా వీడియోని విప్పే పని చాలావరకు ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే ఉచిత ప్రాజెక్టు వాళ్ల కోడే చేస్తుంది. ఇంజను ఒకటే, బాడీలే వేరు. ఐఫోన్ వీడియో ఆగడానికి కారణం ప్లేయర్ కాదు. అవి హెచ్‌ఈవీసీ ఫైళ్లు, వీడియోని బాగా కుదించే కొత్త పద్ధతి. నాలుగో తరం ఇంటెల్‌లో దాన్ని విప్పే సర్క్యూట్ లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే. 4కే అంటే ఆ ఐ3 చేతులెత్తేస్తుంది. మేనల్లుడిని ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టి, 1080లో తీయమనండి. అప్పుడు హెచ్.264 అనే పాత పద్ధతిలో వస్తుంది, దానికి ఈ చిప్‌లో హార్డ్‌వేర్ ఉంది. ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది.

సర్వీస్ అన్న
అంటే వీఎల్‌సీ చాలన్నమాట. నేను చెప్పిందీ అదే.

నల్ల తెర
ఆయన అలా అనలేదు.

అయినా మీ షాపుల సంగతి నాకు కొత్తా? మా నాన్న కంప్యూటర్‌లో రెండు నెలలు కూర్చుని అన్నీ ఆయన కంటికి తగ్గట్టు పెట్టా. సబ్‌టైటిల్ అక్షరాలు పెద్దవి, తెలుగుకి నిర్మలా ఫాంట్, ఆపిన చోటి నుంచే మొదలవడం. హార్డ్‌డిస్క్ మార్చమని షాపులో ఇస్తే అడక్కుండా అన్నీ తీసేసి వీఎల్‌సీ వేసి పంపాడు. అడిగితే ‘అందరికీ ఇదే వేస్తాం సార్’ అన్నాడు. ఆ తర్వాత మా నాన్న సినిమా చూడటమే తగ్గించేశారు.

సర్వీస్ అన్న
ఆ షాపు నాది కాదు. సరే, నా వైపు కూడా విను. నీలాంటి కొడుకులు పండక్కొచ్చి ఏవేవో పెట్టేసి వెళ్లిపోతారు. పది రోజులకి ఏదో మీట నొక్కుకుపోయి బొమ్మ తలకిందులవుతుంది. అప్పుడు ఫోన్ ఎవరికి? నాకు. రాత్రి తొమ్మిదింటికి! వీఎల్‌సీ అయితే కళ్లు మూసుకుని చెప్తా, ‘టూల్స్‌లోకి వెళ్లండి, ప్రిఫరెన్సెస్, కింద రీసెట్ నొక్కండి’ అని. నీ నోట్‌ప్యాడ్ నేనెక్కడ వెతకను?

నల్ల తెర
అదీ అసలు సంగతి. మీ సౌకర్యం కోసం వేస్తూ కస్టమర్‌కి మంచిదని చెప్తున్నారు.

సర్వీస్ అన్న
నువ్వు మాత్రం? నీకు నచ్చింది మీ నాన్నకి వేశావు.

రిటైర్డ్ టీచర్
నాకు 69. పొద్దుటి నుంచి చదువుతున్నాను. ‘72 ఏళ్లాయనకి ఎందుకు’, ‘మా నాన్నకి పెట్టా’. ఒక్కరైనా ఆ పెద్దాయన్ని అడిగారా? మా అబ్బాయి నాకూ ఇలాగే చేసి, పాస్‌వర్డ్ కూడా చెప్పకుండా అమెరికా వెళ్లాడు. గోదారి గట్టు గారూ, మీ నాన్నగారికి ఏం కావాలో ఆయన్నే అడగండి.

గోదారి గట్టు
నిజమే మేడమ్, అడగలేదు. ఇప్పుడే ఫోన్ చేశాను.

ముందుగా చిత్తు కాగితం గారికి దండం. రెండుసార్లు ‘డి’ నొక్కితే గీతలు పోయాయి. ఇన్ని పోస్టుల మధ్య మీ మాట నేనే దాటేశాను.

చిత్తు కాగితం
పర్లేదు. అప్పటి మన కెమెరాలు సెకనుకి 50 సగం బొమ్మలు తీసేవి, సరి గీతలొకటి, బేసి గీతలొకటి. స్టూడియోవాళ్లు వాటిని డీఇంటర్‌లేస్ చేయకుండా వదిలేసి, ఫైలు మీద ఆ గుర్తు కూడా ఉంచి ఉండరు. అందుకే వీఎల్‌సీ తనంతట తాను పట్టుకోలేదు. ప్రిఫరెన్సెస్‌లో వీడియో కింద డీఇంటర్‌లేసింగ్ ఆన్, మోడ్ దగ్గర యాడిఫ్ (Yadif) అన్నది పెట్టేయండి. ఎమ్‌పీవీలో కూడా మీట ‘డి’యే.

గోదారి గట్టు
ఇంకొకటి. నాన్న ఆ వీడియో మళ్లీ మళ్లీ ఎందుకు పెడుతున్నారో ఈరోజే తెలిసింది. అందులో మా నానమ్మ తలంబ్రాల దగ్గర నాలుగు సెకన్లు కనబడుతుంది. ఆవిడ ఫొటో ఇంట్లో సరైనది లేదు. కళ్లు తెరిచి ఉన్న బొమ్మ ఆపి ప్రింటు తీయించాలట. ‘ఇ’ మీట ఎవరో చెప్పారట, నొక్కుతూ పోతే సరైన బొమ్మ దాటిపోతోంది, వెనక్కి రావడం కుదరట్లేదు అన్నారు.

నల్ల తెర
నేను నా మొదటి పోస్టు నుంచి మొత్తుకుంటున్నది ఏమిటి?

ఆయనకి ఎమ్‌పీవీ వద్దులెండి, మెనూ ఉన్నది ఎమ్‌పీసీ-హెచ్‌సీ. కంట్రోల్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఒక్క ఫ్రేమ్ వెనక్కి, కుడి బాణం ముందుకి. ఆల్ట్ ఐ నొక్కితే బొమ్మ సేవ్ అవుతుంది.

సర్వీస్ అన్న
ఒక్క ఫొటో కోసం ప్లేయర్ మారుస్తారా! ఆ ఫైలు పంపమనండి, షాపులో ఐదు నిమిషాల్లో తీసిస్తా.

గోదారి గట్టు
అడిగాను అన్నా. ఆయనే తీసుకుంటారట. రెండో ప్లేయర్ కూడా పెడుతున్నా, వీఎల్‌సీ తీయట్లేదు.

సర్వీస్ అన్న
సరే. నా నంబర్ మాత్రం ఆయనకి ఇవ్వకండి.