అప్‌డేట్: దీవిలో మొదటి రోజు ఈత తర్వాత దద్దుర్లు, కారణం తేలింది

దీవిలో దిగిన రోజే సముద్రంలో ఈదిన మా గుంపులో సగం మందికి, స్విమ్‌సూట్ కప్పిన చోటే ఎర్రటి దద్దుర్లు వచ్చాయని అడిగాను కదా. సలహాలిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. జెల్లీఫిష్ లార్వాల (అప్పుడే పుట్టిన పిల్లల) వల్లేనన్న మాటే నిజం, స్కిన్ డాక్టరూ అదే తేల్చారు.

కంటికి ఆనని ఈ లార్వాలు బట్టకీ ఒంటికీ మధ్య ఇరుక్కుంటాయి. ఆ బట్టలతోనే మంచినీళ్ల షవర్ కింద నిలబడితే వాటి కుట్టే కణాలు పేలతాయి. ఎండకు అడ్డమని వదులు టీషర్టులు వేసుకుని ఈదినవాళ్లకే ఎక్కువ రావడం అందుకే. ముందు బట్టలు విప్పాలి, స్నానం తర్వాతే.

డాక్టర్ 1% హైడ్రోకార్టిసోన్ (వాపు, మంట తగ్గించే స్టెరాయిడ్) క్రీమ్, దురదకు సెటిరిజిన్ (అలర్జీ మందు) రాశారు, తగ్గింది. స్విమ్‌సూట్లు వేడినీళ్లు, డిటర్జెంట్‌తో ఉతకాల్సిందే, ఆరిపోయినా ఆ కణాలు మళ్లీ కుట్టగలవు. సన్‌స్క్రీన్, నల్లులు, తిండి వల్లేమో అన్నవన్నీ ఉత్త అనుమానాలే. జ్వరం, వాంతులు కూడా ఉంటే మాత్రం క్రీముతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి.