అల్ట్రాలో ట్రేస్, స్మియర్ నెగటివ్: టీబీ అని రిపోర్టు ఇవ్వొచ్చా?

ఆత్మకూరు ల్యాబు: మనిషికి 48. మూడేళ్ల కిందట ఆరు నెలల టీబీ మందులు పూర్తిగా వాడాడు. హెచ్‌ఐవీ లేదు. మూడు వారాలుగా దగ్గు. అల్ట్రా (కళ్లెలో టీబీ క్రిమి డీఎన్ఏ వెతికే పీసీఆర్ పరీక్ష) కార్ట్రిడ్జ్‌లో ‘ఎంటీబీ ట్రేస్, రిఫ్ ఇండిటర్మినేట్’ అని పడింది, అంటే టీబీ డీఎన్ఏ లేశమాత్రం ఉంది, రిఫాంపిసిన్ మందు సంగతి తేలలేదు. అదే కళ్లెతో స్మియర్ (మైక్రోస్కోపులో చూసేది) నెగటివ్. పాజిటివ్ అని ఇచ్చేద్దామా?

పెన్నా గట్టు: స్మియర్ నెగటివ్ అయితే ఇంకేంది? మిషన్ తప్పు.

ఒంగోలు మైక్రో: తప్పేం కాదు. స్మియర్‌లో కనపడాలంటే మిల్లీలీటరుకు పదివేల దాకా క్రిములుండాలి. అల్ట్రాకు 16 ఉన్నా చాలు. అల్ట్రా వెతికే ఐఎస్6110, ఐఎస్1081 అనే ముక్కలు క్రిమి డీఎన్ఏలో మామూలుగా ఒకటికి మించి ఉంటాయి కాబట్టి ముందు అవే దొరుకుతాయి. మన దక్షిణాది టీబీ క్రిముల్లో కొన్నిట్లో ఐఎస్6110 ఒక్క కాపీనే ఉంటుంది, కొన్నిట్లో అసలుండదు. ఐఎస్1081 కూడా పెట్టడం అందుకే మనకు మేలు. ఆర్‌పీఓబీ జన్యువు మాత్రం ఒక్క కాపీనే. రిఫాంపిసిన్ పనిచేస్తుందా లేదా తేల్చేది అదే, అది దొరకలేదు. ఇండిటర్మినేట్ అంటే అంతే, మందు పనిచేయదని కాదు.

పెన్నా గట్టు: సరే, కళ్లెను పల్చన చేసే రీఏజెంట్ ఎంత పోశారు? ఎంతసేపు ఉంచారు?

ఆత్మకూరు ల్యాబు: ఒక పాలు కళ్లెకు రెండు పాళ్లు. బాగా ఊపి పది నిమిషాలు, మళ్లీ ఊపి ఇంకో అయిదు.

పెన్నా గట్టు: కళ్లె తీగలు సాగుతుంటే పదిహేను నిమిషాలు చాలదబ్బా. జిగట పోకుండా కార్ట్రిడ్జ్‌లో పోస్తే 2008 నంబరు ఎర్రర్ కొడుతుంది.

కావలి కిట్టు: ఎర్రర్ రాలేదుగా, రిజల్ట్ వచ్చింది! ట్రేస్ అంటే డిటెక్టెడే. అట్టాగే కొట్టి పంపు అన్నా.

ఒంగోలు మైక్రో: పిల్లల్లో, హెచ్‌ఐవీ ఉన్నోళ్లలో, వెన్నునీటిలో ట్రేస్ వస్తే టీబీగానే తీసుకోవాలి. ఇతనికి గత అయిదేళ్లలోపే టీబీ వచ్చి తగ్గింది. చచ్చిన క్రిముల డీఎన్ఏ కూడా ట్రేస్ ఇస్తుంది. క్రిమి బతికుందా చచ్చిందా అన్నది పీసీఆర్‌కు తెలీదు. వేరే శాంపిల్ డీఎన్ఏ అంటినా ట్రేస్ రావొచ్చు. శాంపిళ్లు కలిపే క్యాబినెట్ దేంతో తుడుస్తున్నారు?

ఆత్మకూరు ల్యాబు: స్పిరిట్‌తో.

ఒంగోలు మైక్రో: స్పిరిట్‌కు డీఎన్ఏ పోదు. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత స్పిరిట్. ముందు పెట్టిన శాంపిల్ గట్టి పాజిటివ్ అయితే అదీ చూసుకోవాలి.

పెన్నా గట్టు: ఇరవై నిమిషాలు ఉంచుంటే ఈ గోలంతా ఉండేది కాదు.

ఒంగోలు మైక్రో: పెన్నా గట్టు గారూ, జిగటకు ఎర్రర్ వస్తుంది గానీ ట్రేస్ రాదు! ఆ నిమిషాలు వదలండి.

కావలి కిట్టు: మీకు పెద్ద ల్యాబు, మైక్రోబయాలజిస్టు సంతకం ఉంటాయి సార్. మాలాంటోళ్లం రిపోర్టు కింద ఒక లైను రాస్తే “నువ్వేమన్నా డాక్టరువా” అని మొహాన కొట్టారు. అందుకే మిషన్ చెప్పిందే కొడతాం.

ఒంగోలు మైక్రో: మిషన్ ‘ట్రేస్’ అని చెప్పింది. మీరు ఆ ముక్క తీసేసి డిటెక్టెడ్ అంటున్నారు. అక్కడే మీకూ నాకూ తేడా. వైద్యం చెప్పమని నేననట్లేదు. ‘గతంలో చికిత్స జరిగింది, కల్చర్ (బతికున్న క్రిమిని పెంచి చూసే పరీక్ష) అవసరం’ అని రాస్తే అది ల్యాబు మాటే. ఆ లైను లేకపోతే రిపోర్టు చూసిన డాక్టరు ఆరు నెలల మందులు మొదలెడతాడు.

కావలి కిట్టు: రాసినా చదివేదెవరు?

ఉదయగిరి బస్సు: కల్చర్‌కు ఆరు వారాలు. దగ్గే మనిషిని అప్పటిదాకా కూర్చోబెడతారా?

ఒంగోలు మైక్రో: ఎక్స్‌రే, పాత ఫిల్మ్ పక్కపక్కన పెట్టి డాక్టరు తేలుస్తారు. కల్చర్‌కు మాత్రం మందులు మొదలెట్టక ముందే పంపాలి. మిగిలిన కళ్లె ఫ్రిజ్‌లో ఉందా?

ఆత్మకూరు ల్యాబు: మొత్తం డబ్బాలోనే రీఏజెంట్ పోసేశా సార్.

ఒంగోలు మైక్రో: అయితే అది కల్చర్‌కు పనికిరాదు, రీఏజెంట్ క్రిముల్ని చంపేస్తుంది. రేపు పొద్దున నోరు కడిగించి, లోపల్నుంచి దగ్గించి కొత్త కళ్లె తీసుకోండి. ఉమ్మి వద్దు. సగం పక్కన తీసి ఐసు డబ్బాలో పంపండి, మిగతా సగంలోనే రీఏజెంట్.

పెన్నా గట్టు: ఇరవై నిమిషాలు ఉంచండి.