అమ్మానాయినతోని రోమ్ నాలుగు రోజులు: ఏం చూడాలె, ఏం ఇడిసిపెట్టాలె?

మిర్యాలగూడ_బైలెల్లినం
సెప్టెంబర్ మొదటి వారంల రోమ్ పోతున్నం. నేను, మా ఆమె, అమ్మ, నాయిన. నాలుగు పూర్తి రోజులు చేతిల ఉన్నయి. నాయినకు 68 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. మెల్లగ నడుస్తడు గని మెట్లంటే కష్టం. అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టది. కొలోసియం, వాటికన్, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్ చూసుడు ఖాయం. వీసాలు వచ్చినయి. టికెట్లు ఆడికి పోయినంక కొనొచ్చా, ఇక్కన్నుంచే తీస్కోవాల్నా? నాయిన పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీ ఉన్నది, దాంతోని ఏమన్న లొల్లి అయితదా? ఎయిర్‌పోర్టు నుంచి ఊర్లెకు ఎట్ల పోవాలె?

పాలమూరు_పటేల్
తమ్మీ, ముందుగాల టికెట్లు, తర్వాత రోజుల లెక్క. చాలమంది సోమారం ఇది, మంగళారం అది అని రాసుకొని కూసుంటరు, తీరా చూస్తే ఆ రోజు స్లాట్లు అయిపోయి ఉంటయి.

కొలోసియం టికెట్లు మనం పొయ్యే తారీఖుకు 30 రోజుల ముందు అధికారిక సైట్‌ల తెరుస్తరు. మామూలు టికెట్ 18 యూరోలు. అండ్లనే పక్కనున్న ఫోరమ్ (పాత రోమన్ల ఊరు నడుమ కూలిన కట్టడాలు), పాలటైన్ గుట్ట కూడా కలిసి ఉంటయి, మొదటిసారి లోపలికి పోయిన కాడికెళ్లి 24 గంటలు చెల్లుతది. కొలోసియానికి మాపటీలి స్లాట్ తీస్కోండ్రి, ఫోరమ్ తెల్లారి పొద్దున్నే చూడుండ్రి. ఒక్కదినమే రెండూ పెట్టుకుంటే మీ నాయిన మోకాళ్లు మూడో రోజుకు లేవయి. కొలోసియంల లిఫ్ట్ ఉన్నది, నొప్పుల సంగతి అడ్గి చెప్పుండ్రి. ఫోరమ్‌ల మాత్రం పాత రోమన్ల బండలే, ఎగుడు దిగుడు, నీడ దొరుకుడు కష్టం. నల్లగొండ ఎండ చూసినోళ్లం, ఇదెంత అనుకోవద్దు. ఎండకంటె ఎక్కువ ఆ కాలిన రాయి కొడ్తది.

ఇగ పేరు సంగతి. 2023 అక్టోబర్ నుంచి కొలోసియం టికెట్ల మీద పేరు ఉంటది, గేటు కాడ పాస్‌పోర్టుతోని పోల్చి చూస్తరు. ఫారంల పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి. మీ నాయిన పేరుల రెండు ముక్కలుంటే ఒకటి ఇటు, ఒకటి అటు కొట్టుండ్రి. ఒక్కటే ముక్క అయితే అదే పేరు రెండు గడుల్ల పెట్టుండ్రి. ఆధార్‌ల ఉన్న ఇంటిపేరు తెచ్చి అండ్ల పెట్టొద్దు, వాళ్లు చూసేది పాస్‌పోర్టు ఒక్కటే. జిరాక్స్ గాదు, అసలుదే జేబుల ఉండాలె.

సూర్యాపేట_శారద
వాటికన్ గురించి చెప్త. మ్యూజియం వేరు, సెయింట్ పీటర్స్ చర్చి వేరు, దార్లు కూడా వేరు. చర్చికి దాని ముంగటి మైదానం దిక్కుకెళ్లి పోవాలె, టికెట్ లేదు, భద్రతా తనిఖీ క్యూ మాత్రం ఉంటది. మ్యూజియం గేటు ఎనుక దిక్కు, కోటగోడ పొంటి పావుగంట నడక. మైదానంల దిగి "మ్యూజియం ఏది?" అని తిరిగేటోళ్లు రోజూ కనపడ్తరు. మెట్రో 'A' లైన్ల ఒట్టవియానో స్టేషన్ల గని చిప్రోల గని దిగుండ్రి.

మ్యూజియం ఆదివారం బంద్. నెలల ఆఖరి ఆదివారం పుక్కట్ల తెరుస్తరు గని ఆ రోజు పెద్దోళ్లను తీస్కపోవద్దు, తొక్కిసలాటే. బుధవారం పొద్దుగాల పోప్ సభ ఉంటే చర్చిలకు రానియ్యరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలె. చీరకు ఇబ్బందేం లేదు. నిక్కర్ల మీద పోయినోళ్లను మాత్రం ఆపేస్తరు.

మ్యూజియం లోపల సిస్టీన్ చాపెల్ (కప్పు మీద బొమ్మలున్న ప్రార్థన మందిరం) దాన్క చాన దూరం నడవాలె, నడుమ ఎనక్కి తిరుగుడు కష్టం. అందుకని మొదట్లనే చక్రాల కుర్చీ అడ్గుండ్రి, పైసలు తీస్కోరు. చాపెల్‌ల గోడల పొంటి అరుగులు ఉంటయి, నాయినను కూసోబెట్టి పైకి చూడమనుండ్రి. ఆ కప్పు మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాన్క గీసిండు. ఎదురుంగ ఉన్న పెద్ద గోడ బొమ్మ ఇరవై ఏండ్లు దాటినంక మళ్ల వచ్చి చేసింది. ఫోటోలు బంద్, ముచ్చట్లు కూడా బంద్.

చర్చి గోపురం ఎక్కుడు పెద్దోళ్లతోని వద్దే వద్దు. మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ తీస్కున్నా ఇంకో 320 ఉంటయి, ఆఖర్ల గోడ పక్కకు వంగి మనిషి కూడా వంగి నడవాల్సి వస్తది.

పాంథియాన్ అంటే పాత రోమన్ల గుడి, అండ్ల ఒక్క మెట్టు ఎక్కేది లేదు. టికెట్ ఉంటది. మీ నాయినకు నచ్చేది ఇదే అనిపిస్తున్నది. గోపురం అడ్డం 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తు కూడా అంతే. ఉక్కు చువ్వ ఒక్కటి లేని కాంక్రీట్. కింది వరుసల బరువు రాళ్లు కలిపి, పైకి పోయిన కొద్దీ తేలిక రాయి, చివరికి నీళ్ల మీద తేలే పుమీస్ రాయి కలిపిన్రు. కప్పు నడిమిట్ల దాదాపు 9 మీటర్ల కన్ను లెక్క తెరిచిన గుండ్రటి బొక్క. వాన పడ్తే నీళ్లు లోపల్నే పడ్తయి, నేల కొద్దిగ వాలు ఉండి సన్న సన్న తూట్లల్లకెళ్లి ఎల్లిపోతయి. ఆ తూట్లు ఎతికి చూపియ్యుండ్రి.

దేవరకొండ_వంటిల్లు
అమ్మ తిండి ముచ్చట ఎవ్వలు రాయలే. గుడ్డు తినరంటే పాస్తాల తేడా తెల్వాలె. స్పగెట్టి, పెన్నె, రిగటోని లాంటి ఎండిన పాస్తా గోధుమ రవ్వతోనే చేస్తరు. ఫెటుచ్చిని, తాజా పాస్తా అంటే గుడ్డు ఉంటది అనుకోండ్రి. కార్బొనారల గుడ్డు, పంది మాంసం రెండూ ఉంటయి, అమాట్రిచియానల పంది మాంసం. సుప్లి అని వేయించిన అన్నం ఉండలు కనపడ్తయి, మన బోండ లెక్కనే ఉంటయి గని పాత పద్ధతిల లోపల మాంసం రసం పోస్తరు, అడగకుంట కొరకద్దు. ధైర్యంగ అడగదగ్గవి మార్గరిటా పిజ్జా, చీజ్ లేని మరినారా పిజ్జా, ఎల్లిపాయ ఎండుమిరపకాయ వేసిన స్పగెట్టి. చీజ్‌ల కూడా లెక్క ఉన్నది: పెకొరినో రొమానో గొర్రెపిల్ల కడుపుల పొరతోని తోడు వేస్తరు. టిరమిసు అనే మిఠాయిల పచ్చి గుడ్డు.

ఇంటికెళ్లి పచ్చళ్లు తెచ్చుకునేటోళ్లకు: మామిడికాయ తొక్కు, పొడులు సరే. కోడి పచ్చడి, నెయ్యి, కోవా యూరప్‌లకు తేవద్దు, మాంసం, పాల వస్తువులు మనసొంటి బయటి దేశాలకెళ్లి తెచ్చుడు నిషేధం. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

నీళ్లు కొనుడు దండుగ. వీధులల్ల నసోని అని ఇనుప నల్లాలు ఎప్పటికి పారుతనే ఉంటయి, మంచినీళ్లే. మూతి కాడ వేలు అడ్డం పెడితే పైనున్న తూట్లకెళ్లి ధార ఎగుస్తది, వంగకుంటనే తాగొచ్చు. మోకాళ్లోళ్లకు అక్కరకొస్తది.

మిర్యాలగూడ_బైలెల్లినం
దండాలు అందరికి. శారదక్కా, చక్రాల కుర్చీ ముచ్చట మంచిగ చెప్పిన్రు. ఎయిర్‌పోర్టు సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

పాలమూరు_పటేల్
ఫియుమిచినో ఎయిర్‌పోర్టుల దిగితే ఊర్లె టెర్మిని స్టేషన్ దాన్క లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు. మీరు నలుగురు, అంటే 56. ఊరు నడుమ పాత కోటగోడల లోపలి దాన్క ట్యాక్సీకి మున్సిపాలిటీ కట్టిన ధర 55 యూరోలు, మనిషికింత అని గాదు, బండికి. ఇంక రైలెందుకు? తెల్ల కార్లు ఆగే వరుసకే పోండ్రి, లోపల హాల్లనే "టాక్సీ, టాక్సీ" అని పిలిచెటోళ్ల ఎంట పడొద్దు. నాలుగు పెద్ద పెట్టెలుంటే మామూలు కార్ల పట్టవు, పెద్ద బండి అడ్గుండ్రి. హోటల్ వాటికన్ దిక్కుంటే అది గోడల బయట అయితది, ఎక్కకముందే ధర అడ్గుండ్రి.

ఏటీఎంల యూరోల లెక్కల తీస్కుంటవా, రూపాయల లెక్కల తీస్కుంటవా అని అడిగితే యూరోలే నొక్కు. రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన రేటు పడ్తది. 64 నంబర్ బస్సు ఎక్కితే పర్సు ముందు జేబుల పెట్టుకో, దొంగలకు పేరు పోయిన రూటది.