అప్‌డేట్: మైక్రోవేవ్‌ని అన్నం వేడి చేయడానికి తప్ప ఇంకెందుకు వాడొచ్చు?

రెండు నెలల క్రితం ఇదే అడిగాను. మాది 20 లీటర్ల సోలో మైక్రోవేవ్, గ్రిల్ లేదు. మీరు చెప్పినవి చాలావరకు చేసి చూశాను.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది అప్పడాలకి. నూనె రాసి, ఒక్కో అప్పడం 40 నుంచి 50 సెకన్లు పెడితే చాలు, చక్కగా పొంగుతున్నాయి. షుగర్ ఉన్న మా అత్తయ్యగారు నూనెలో వేయించినవి మానేశారు. ఇప్పుడు పప్పన్నంలోకి రోజూ ఒకటి తింటున్నారు, అది చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

పల్లీలు మాత్రం మొదటిసారి మాడిపోయాయి. నాలుగు నిమిషాలు ఒకేసారి పెట్టేశాను. నిమిషానికోసారి తీసి కలపాలి, రంగు మారకముందే ఆపేయాలి. బయటికి తీశాక కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతాయి. ఇప్పుడు చట్నీకి పల్లీలు ఇలాగే వేయిస్తున్నాను. కరివేపాకు కడిగి, తడి లేకుండా తుడిచి రెండు నిమిషాలు పెడితే గలగలలాడుతుంది, పచ్చరంగు కూడా పోదు. పొడికి చాలా బాగుంది. వెల్లుల్లి రెబ్బలు 15 సెకన్లు పెడితే పొట్టు సులువుగా వస్తోంది.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. ఉడికిన గుడ్డుని వేడి చేస్తే అది తీశాక కూడా పేలొచ్చు. మా బాబు చేతిలో పేలబోయి ప్లేటులో పేలింది. అప్పటినుంచి గుడ్లు అందులో పెట్టడం లేదు.

చెప్పిన అందరికీ థాంక్స్ అండి.